మిరపకల్లంలో గిటారు

నా చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇంట్లో అందరికంటే తక్కువ చప్పుడు చేసే మనిషి మా చిన్న మావయ్య. అంతకుముందు ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ గోల చేసిందీ ఆయనేనట. నేను ఆ ఇంటికి వచ్చేసరికి మాత్రం వెనక వసారాలో నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు. మా అమ్మానాన్నలిద్దరూ బడిపంతుళ్ళు. బదిలీల మీద ఊళ్ళు తిరుగుతుండేవాళ్ళు కాబట్టి నన్ను గురజాల దగ్గర పల్లెలో అమ్మమ్మ కాడ వదిలారు. పొద్దున లేచి పళ్ళు తోముకోవడానికి పెరట్లోకి వెళ్తే ముందు కనబడేది మావయ్య వీపే. ఆ వీపుకు భయపడేదాన్ని నేను. కోప్పడే మనిషి దగ్గరికైనా వెళ్ళొచ్చు గానీ, అటు తిరిగి పడుకున్న మనిషి దగ్గరికి ఏమని వెళ్తాం?

మావయ్య మద్రాసులో కొన్నాళ్ళు ఒక పాటల పార్టీలో వాయించాడు. అక్కడ ఒక ముసలాయన అమ్ముకుంటుంటే ఎలక్ట్రిక్ గిటారు కొని ఊరికి తెచ్చుకున్నాడు. అప్పటికే అది పాతది. ఏ దేశంలో చేశారో గానీ, తల మీద రాసిన పేరు అరిగిపోయి ఒకటి రెండు అక్షరాలే మిగిలాయి. లోపలంతా డొల్ల, పైన పల్చటి చెక్క, ముదురు బెల్లం రంగు. క్రిస్మస్ రోజుల్లో మా చర్చిలో మైకుసెట్టుకు తగిలించి ఆయన వాయిస్తుంటే వినడానికి కారంపూడి నుంచి కూడా జనం వచ్చేవాళ్ళని అమ్మమ్మ చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడు తప్ప ఆమె ముఖంలో గర్వమనేది నేనెప్పుడూ చూడలేదు.

ఒక ఏడు మిరపతోటకు తెగులు తగిలి పంట పోయింది. మావయ్య మాచర్ల వైపు నాపరాళ్ళు కోసే మిషనులో పనికి వెళ్ళాడు. అక్కడ ఎడమచేతి వేళ్ళు రెండు పోయాయి. కుడిచెయ్యి అయితే ఎట్లాగో వాయించుకునేవాడేమో. తీగలు నొక్కే చెయ్యే పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజునే గిటారు తీసుకెళ్ళి గొడ్ల కొట్టంలో అటక మీదికి విసిరేశాడట. తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. వానలకు కొట్టం పైకప్పు కారింది, కోళ్ళు అటకెక్కి గుడ్లు పెట్టుకున్నాయి.

ఇంటికి వచ్చినవాళ్ళందరూ ఆయనకు ఒకటే మాట చెప్పేవాళ్ళు: అంతా బాగవుతుంది. చుట్టాలు చెప్పారు, ప్రార్థన పెట్టి పాస్టరుగారు చెప్పారు, పాలు పోయించుకోవడానికి వచ్చినావిడ కూడా చెప్పింది. ఆ మాటంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తెగిన వేళ్ళు బాగవడమేమిటి, పొదుగులాగా మళ్ళీ నిండుతాయా? చెప్పినవాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది మాత్రం మా అమ్మమ్మే. పొద్దున గంజి తీసుకెళ్ళి మంచం పక్కన పెట్టి "బాగవుతుంది నాయనా, లే" అనేది. మధ్యాహ్నం ఆ గంజి అలాగే తెచ్చి గేదె కుడితిలో పోసేది.

ఒకరోజు ఆమె వసారా ఊడుస్తుంటే ఆయన మంచం కింద నుంచి మిరపతోటకు చల్లే పురుగుమందు డబ్బా చీపురుకు తగిలి దొర్లుకుంటూ బయటికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. ఆ డబ్బా చేలో మోటరు గదిలో ఉండాలి, ఇంట్లో ఉండేది కాదు. అమ్మమ్మ చీపురు వదిలేసి దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. మావయ్య మెలకువగానే ఉన్నాడు గానీ ఇటు తిరగలేదు. ఆమె ఆ డబ్బా తీసుకెళ్ళి ఊరి బయట గొయ్యి తీసి పూడ్చి వచ్చింది. వచ్చి, వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని, వెలిగించకుండా అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆ వయసులో నాకు అన్నీ అర్థం కాలేదు గానీ, ఆ ఇంట్లో ఒక మనిషి ఉండకుండా పోవచ్చన్న సంగతి మాత్రం అర్థమైంది.

ఆ మర్నాడే ఆమె కొట్టంలో నిచ్చెన వేసింది.

గిటారు కిందికి దించేసరికి అది గిటారులా లేదు. కోడిరెట్ట, గడ్డి, సాలెగూళ్ళు. తీగలు తుప్పు పట్టి ముట్టుకుంటే తెగిపోతున్నాయి. పొట్ట మీద ఉన్న సన్నటి కంతల్లో నుంచి వడ్లపొట్టు రాలింది. లోపలి వైర్లు ఎలుకలు కొరికేశాయి. చెక్క అంతా చెమ్మ. అమ్మమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "ఇది మోగితే వాడు లేస్తాడే అమ్మాయ్" అంది. నాకు చెప్పినట్టు కాదు, తనకు తాను చెప్పుకున్నట్టు అంది. ఆమెకు ఇంకే దారీ కనబడలేదని ఇప్పుడు నాకు తెలుస్తోంది. మావయ్యకు చెప్పమాకని నాతో ఒట్టు వేయించుకుంది.

ఇక ఆమె చేసిన పని చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వుకోండి, మా వైపు ఆడవాళ్ళెవరైనా అదే చేసేవాళ్ళు. కుంకుడుకాయలు నానబెట్టి, పిసికి, ఆ రసంతో గిటారుకు తలంటు పోసింది. పీచుతో రుద్దింది. పొట్ట కంతల్లో నుంచి నీళ్ళు పోసి, గలగలా ఊపి, వంచి పారబోసింది. దుప్పటికైనా, జాడీకైనా, మనిషికైనా ఆమెకు తెలిసిన శుభ్రం అదే. తర్వాత గోనెపట్టాలో చుట్టి చేలోకి మోసుకెళ్ళింది. అప్పుడు మిరపకాయలు కల్లంలో ఎండుతున్నాయి. చేనంతా ఎర్రగా పరిచిన కాయల అంచున, పట్టా మీద గిటారును వెల్లకిలా పడుకోబెట్టింది. మా పల్నాడు ఎండ సంగతి చెప్పేదేముంది, రాళ్ళు కాలిపోతాయి. కాయలను తిరగేసిన ప్రతిసారీ దాన్ని కూడా తిరగేసింది. సమంగా ఎండకపోతే కాయ తెల్లబారుతుంది, ఇదీ అంతేననుకుంది. కాకులు వాలకుండా నేను కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాను. మేమిద్దరం చానా మంచి పని చేస్తున్నామనే అనుకున్నాం.

సాయంత్రానికి పటక్కుమని చప్పుడైంది. అమ్మమ్మ కాయలు పోగు చేస్తున్నదల్లా పరుగెత్తుకొచ్చింది. తడిసి ఉబ్బిన చెక్క ఒక్కసారిగా ఎండేసరికి పొట్ట మీద నిలువునా పగిలింది. మెడ అతుకు ఊడి, ముందుకు వంగింది. ఆమె పగులు మీద చెయ్యి పెట్టి, పెదాలు బిగించి, అలాగే కూర్చుంది. చీకటి పడుతుంటే నేనే లేవదీశాను.

అయినా వదల్లేదు. ఊరి వడ్రంగి దగ్గర నుంచి జిగురు తెచ్చి, కాచి, మెడ అతికించి, నవారుతో బిగించి కట్టింది. పాస్టరుగారు గుంటూరు వెళ్తుంటే కొత్త తీగలు తెప్పించింది. రేడియోలు బాగుచేసే మా వరస బాబాయిని పిలిపించింది. ఆయన వీధివైపు వసారాలో చాప వేసుకుని దాన్ని విప్పాడు. పొట్ట మీద ఉన్న రెండు ఇనప బిళ్ళలు తీసి నా చేతిలో పెట్టి కాసేపు ఆడుకోమన్నాడు. అవి అయస్కాంతాలు. అమ్మమ్మ పిన్నీసులన్నీ వాటికి అంటించి సంబరపడ్డాను. తీగ వాటి మీద ఊగితే కరెంటు పుడుతుందని, ఆ కరెంటే మైకుసెట్టు పెట్టెలోకి వెళ్ళి పాటవుతుందని ఆయన చెప్పాడు. బిళ్ళలు వెనక్కి తీసుకుని బిగించి, వైర్లు మార్చి టంకం పెడుతూ, మధ్యమధ్యలో తుమ్ముతూ, "ఏంది అత్తా దీన్నిండా కారం?" అన్నాడు. కల్లంలో ఎగిరిన మిరప దుమ్ము ప్రతి సందులోకీ దూరి ఉంది. ఎంత తుడిచినా పోలేదు. ముట్టుకున్న చేతులు మండాయి.

చర్చి నుంచి మైకుసెట్టు పెట్టె తెచ్చి, గిటారును దానికి తగిలించారు. అమ్మమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చి కూర్చుంది. ఒక తీగ మీద వేలు వేసి లాగమన్నాడు బాబాయి. ఆమె లాగింది.

ఆ చప్పుడు ఎలా ఉందో చెప్పాలంటే నాకు ఇప్పటికీ మనసు రాదు. బుర్రుమని పెద్ద రొద, ఆ రొద లోపల ఎక్కడో సన్నగా, పీక పిసికినట్టు ఒక కూత. వంగిన మెడ మీద తీగలు జానెడు ఎత్తున నిలబడ్డట్టుండి ఏదీ శ్రుతికి రావడం లేదు. బాబాయి మరలు తిప్పాడు, అటు చూశాడు, ఇటు చూశాడు, పెట్టె ఆపేశాడు. ఆయన తల ఎత్తి ఎందుకో బిగుసుకుపోయాడు. చూస్తే గుమ్మంలో మావయ్య నిలబడి ఉన్నాడు.

ఎన్నాళ్ళ తర్వాతో ఆయన ముఖం చూశాను. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి, ఇంట్లో ఫొటోలో ఉన్న మావయ్యలా లేడు. వచ్చి కింద కూర్చున్నాడు. గిటారును ఒళ్ళోకి తీసుకుని, పగులు వెంట బొటనవేలు జరుపుకుంటూ వెళ్ళాడు.

"ఎండబెట్టావా అమ్మా?" అన్నాడు.

"తడిగా ఉంది గదరా. ఎండబెట్టకపోతే ఎట్టా?" అంది అమ్మమ్మ. ఆమె గొంతు బడిలో తప్పు చేసిన పిల్ల గొంతులా ఉంది.

ఆయన ఎడమచెయ్యి మెడ మీదికి పోనిచ్చాడు. ఉన్న వేళ్ళతో తీగలు నొక్కబోయాడు. అవి అందలేదు. మళ్ళీ నొక్కాడు. వేలి కొసలు తెల్లబడ్డాయి గానీ తీగ చెక్కను తాకలేదు. లేని వేళ్ళ మొదళ్ళు కూడా వాటి పని అవి చెయ్యబోయినట్టు కదిలాయి. నేను తల తిప్పేసుకున్నాను. కాసేపటికి ఆయన చెయ్యి ఒళ్ళోకి జారిపోయింది.

"ఇది ఇంక మోగదమ్మా. నేను ఇంక వాయించలేను" అన్నాడు.

ఇప్పుడు అమ్మమ్మ మళ్ళీ ఆ మాట అంటుందనుకున్నాను. బాగవుతుంది నాయనా అంటుంది, ఆయన లేచి వెనక వసారాలోకి వెళ్ళిపోతాడు, గోడవైపు తిరుగుతాడు. ఆమె కొడుకు చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ మొండి వేళ్ళను ఆమె అంతకుముందు ఒక్కసారి కూడా ముట్టుకోగా నేను చూడలేదు. వాటి మీద చెయ్యి వేసి, "అవును నాయనా. పోయింది" అంది.

అంతే. ఆ మాటకు మావయ్య భోరుమన్నాడు. మగవాడు అలా ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆమె కూడా ఏడ్చింది. కారం అంటిన చేతులతో తుడుచుకునేసరికి ఇద్దరి కళ్ళూ ఇంకా మండిపోయాయి. బాబాయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఏం చెయ్యాలో తెలియక నా చేతికిచ్చి నిలబడ్డాడు. మరి నేనేం చెయ్యాలమ్మా అని మావయ్య అడిగాడు. నాకేం తెలవదురా, నా కాడ కూకో అంది ఆమె. ఆ పూట ఆయన మంచం మీదికి వెళ్ళలేదు. ఆమె పక్కనే చాప మీద కూర్చుని, పెట్టిన అన్నంలో కొంచెం తిన్నాడు.

దీనికి మంచి ముగింపు చెప్పమంటే నా దగ్గర లేదు. మావయ్య తేరుకోలేదు. గిటారు మళ్ళీ మోగలేదు, ఆయనా మళ్ళీ పాట అనే మాట ఎత్తలేదు. చర్చిలో పాట మొదలైతే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. మిరప చేను చూసుకున్నాడు, పెళ్ళి వద్దన్నాడు. కొన్నాళ్ళు బాగానే ఉండేవాడు, ఉన్నట్టుండి మళ్ళీ గోడవైపు తిరిగేవాడు. అలాంటప్పుడు అమ్మమ్మ తన మంచం తెచ్చి ఆయన మంచం పక్కన వేసుకునేది. లెమ్మనేది కాదు. ఊరికే పడుకునేది. ఆయన జుట్టు నెరిసేదాకా బతికాడు, ఆమె పోతే మట్టి చేసింది ఆయనే.

నేను పెద్దదాన్నయ్యాక ఒకసారి ధైర్యం చేసి మావయ్యను అడిగాను, ఆ డబ్బా తర్వాత మళ్ళీ ఎందుకు ఆ ఆలోచన చెయ్యలేదని. "ఎందుకు చెయ్యలేదే, చానాసార్లు చేశా" అన్నాడు. తర్వాత, "అంతకుముందు అందరూ ఒడ్డున ఉండి నన్ను రమ్మని పిలిచేవాళ్ళు. ఆ రోజు మా అమ్మ దిగొచ్చి నా పక్కన మునిగింది. ఆమెనొక్కదాన్నే వదిలేసి పోవటానికి మనసొప్పలా" అన్నాడు.

మొన్న మొన్నటిదాకా ఆ మాటను నేను మావయ్య మాటగానే దాచుకున్నాను. పోయిన వేసవిలో నరసరావుపేటలో నా కూతురికి ఏడో నెలలో బిడ్డ పోయింది. ఆసుపత్రి గది నిండా చుట్టాలు. చిన్నవయసేగా, మళ్ళీ పుడతారులే, అంతా బాగవుతుందని తలా ఒకరు చెబుతున్నారు. అది గోడవైపు తిరిగి పడుకుంది. నేను అందరినీ బయటికి పంపి తలుపు వేశాను. బాగవుతుందనే మాట నా నోట్లోకీ వచ్చింది, తల్లిని గదా, రాకుండా ఎలా ఉంటుంది? మింగేశాను. మంచం ఎక్కి దాని వెనకే పడుకుని, ఆ బిడ్డ ఎలా ఉందో చెప్పమన్నాను. చాలాసేపటికి అది ఇటు తిరిగింది. జుట్టు ఒత్తుగా ఉందమ్మా, అచ్చం నీలాగే, అంది.