అత్తరు పూసుకున్న బుల్లోడు

నా చిన్నప్పుడు, పదేళ్ల వయసులో, మా కొట్టు చరిత్రలో ఎవరూ చేయని ఘనకార్యం ఒకటి చేశాను. పెళ్లిళ్ల బేరానికని మా నాన్న అద్దాల బీరువా పై అరలో దాచిన మల్లె అత్తరు సీసా తీసి, ఆఖరి చుక్కదాకా మా కుక్కకి పూశాను. కుళ్లు కంపుకి అత్తరు విరుగుడన్న తెలివి కొత్తపేట బజారు మొత్తంలో ఇంకెవరికీ తట్టలేదే అని ఆ పూట నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మాది సబ్బులు, సెంట్లు, అగరొత్తులు, గాజులు అమ్మే కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. నీచు మా గుమ్మం దాటేది కాదు. అలాంటి ఇంటికి, ఐ.పోలవరం వైపు నుంచి ఎండుచేపల గంప తెచ్చుకునే మామ్మ గారితో బేరమాడి ఒక కుక్కని తెచ్చాను. ఆవిడ రెండు డజన్ల గాజులు అడిగితే డజనుకి ఒప్పించి, కొసరుగా దాని మెడలో తాడు కూడా పుచ్చుకున్నాను. పేరు బుల్లోడు. ఎర్రగా, ఒక చెవి వాలిపోయి ఉండేవాడు. ఆవిడ అంత తేలిగ్గా ఎందుకు దిగివచ్చిందో వారం తిరక్కుండానే తెలిసింది.

కాలువ గట్టు మీద చచ్చిన చేప కనిపిస్తే చాలు, బుల్లోడు ఆగిపోయేవాడు. తల వంచి, ఒక భుజం కిందికి దించి, ముందు చెంప, తరవాత మెడ, ఆ తరవాత వీపంతా దానికేసి రుద్దుకునేవాడు. కాళ్లు నాలుగూ ఆకాశంలో ఉండేవి. లేచి వచ్చేటప్పుడు మాత్రం పెళ్లికి తయారైన పెద్దమనిషిలా నడిచేవాడు.

ఎందుకలా చేస్తాడో నాకు బోధపడలేదు. పోనీ తింటాడా అంటే తినడు. వీపు దురదేమో అంది మా నాన్నమ్మ. వేటకెళ్లే ముందు తన వాసన దాచుకుంటాడన్నాడు పాలు పోసే ఆయన. బుల్లోడు వేటాడిందల్లా కొట్టు ముందు రాలిన బిస్కెట్టు ముక్కల్నే. ఫలానా చోట సరుకుందని మిగతా కుక్కలకి కబురు తెస్తాడన్నాడు ఎదురు కొట్టు దర్జీ. కొట్టులో పెరిగిన పిల్లని కదా, నాకు ఆ మాట కాస్త నచ్చింది. అయినా ఎవరి మాట నిజమో తేలలేదు. చందనం సబ్బులు మూడు అరగదీశాను. రుద్దిన ప్రతిసారీ వాడు తడి ఆరకుండానే మళ్లీ గట్టుకి పరిగెత్తేవాడు. అత్తరు దాకా వెళ్లింది అందుకే.

అత్తరు పూసిన మర్నాడు పొద్దున్నే పెళ్లివారు వచ్చారు. మా బజారులో పొద్దుటి మొదటి అమ్మకాన్ని బోణీ అంటాం. ఆ మొదటి మనిషి ఉత్తి చేతులతో మెట్టు దిగితే ఆ రోజు బేరం సాగదని మా పెద్దల గట్టి నమ్మకం. వాళ్లు బల్ల మీద కూర్చుని గాజులు చూస్తుండగా బుల్లోడు గట్టు మీంచి తిన్నగా లోపలికి వచ్చి ఒళ్లు దులుపుకున్నాడు. మల్లెపూలూ కుళ్లిన చేపా కలిసిన ఆ వాసనకి సరిపడే మాట నాకు ఈనాటికీ దొరకలేదు. పెళ్లివారు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని దిగిపోయారు.

మా నాన్న అరవలేదు. అరిస్తే బాగుండేది. “శుక్రవారం మామ్మ గారు వస్తారు. ఈలోగా ఇంకొక్కసారి ఇది ఆ కంపుతో మెట్టెక్కిందా, ఆవిడ గంపతో పాటే వెళ్ళిపోద్ది” అన్నారు. అప్పటికి సోమవారం.

పెరటి మెట్టు మీద ఏడుస్తుంటే గోడ అవతల నుంచి పక్కింటి పంతులమ్మ గారు తొంగిచూశారు. బళ్లో పాఠం, ఆదివారం చర్చిలో పాట, ఇంట్లో ఎప్పుడూ రెండు కుక్కలు. అదీ ఆవిడ లోకం.

“ఏవమ్మాయ్, అత్తరు పూసేవంటగా? నయం, పూలదండ వెయ్యలేదు!”

నా ఏడుపు ఎక్కువైంది. ఆవిడ గోడ చుట్టూ తిరిగి వచ్చి నా పక్కన కూర్చున్నారు. “నీకు సువాసనైంది వాడికి కంపమ్మా. నువ్వు కంపు పూసేవని, వాడెళ్లి తనకి నచ్చిన సెంటు పూసుకొచ్చేడు. శనగపిండి రాసి కడిగెయ్, చాలు. తిట్టకు. గంట కిందట చేసినదానికి ఇప్పుడు తిడితే, దేనికి తిట్టేవో వాడికి తెలీదు.”

“మరి ఎందుకు దొర్లుతాడండీ?”

“నాకూ తెలీదు. ముప్పై ఏళ్ల నుంచి కుక్కల్ని పెంచుతున్నాను, ఒక్కటీ చెప్పలేదు.”

పంతులమ్మ నోట ‘తెలీదు’ అన్న మాట వినడం నాకదే మొదలు. నా అయోమయం మరింత చిక్కబడింది.

ఆవిడ చెప్పిన ఉపాయం చిన్నదే. తాడు వదలకుండా నడిపించు, చేప దగ్గరికి చేరకముందే పిలువు, వస్తే ఏదైనా పెట్టు. కొట్టులోంచి జీలకర్ర బిస్కెట్లు పట్టుకెళ్లాను. బుల్లోడు బిస్కెట్టు కేసి చూశాడు, చేప కేసి చూశాడు, తాడు లాక్కుని చేప మీద పడ్డాడు. పంతులమ్మ గారు గట్టు మీద కూలబడి నవ్వారు. “చచ్చిన చేపకి పోటీగా జీలకర్ర బిస్కెట్టా! నీ ముక్కుతో వెల కడితే ఎలాగే? కొనేది వాడు.” వాళ్లింట్లోంచి ఎండు రొయ్యల పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టారు. రెండు వేళ్లతో పట్టుకుని, ముక్కు మూసుకుని పిలిచాను. బుల్లోడు ఎగిరి వచ్చాడు.

నా వ్యాపార తెలివి ఊరుకుంటేగా. వాడు భుజం వంచినప్పుడల్లా రొయ్య చూపించడం మొదలుపెట్టాను. బుధవారానికల్లా వాడు ఏ కంపూ లేని కొబ్బరి పీచు డొక్క దగ్గర ఆగి, భుజం వంచి, దొర్లకుండా ఓరకంట నన్ను చూస్తున్నాడు. ఇచ్చాను. పది అడుగులు వేసి మళ్లీ వంచాడు. మళ్లీ ఇచ్చాను. గాజుల బేరంలో చేపల మామ్మనే దింపినదాన్ని, కుక్క చేతిలో ఇంత ఘోరంగా దిగిపోయాను. ఎవరు ఎవర్ని పెంచుతున్నారో నాకు తెలియలేదు.

“మీ కొట్లో కొసరు ఎప్పుడిస్తారే?” అని అడిగారు పంతులమ్మ గారు.

“బేరం అయ్యేకండీ.”

“మరి వాడికీ అంతే. దాన్ని దాటి నీ దగ్గరికి వచ్చేక ఇయ్యి.”

శుక్రవారం పొద్దున్న గట్టు మీంచి ఇంటికి వస్తున్నాం. మా కొట్టుకి ఇవతల మామ్మ గారు అప్పటికే గంప దించుకుని కూర్చున్నారు. మురుగు కాలవ అంచున ఎవరో పారేసిన కుళ్లిన చేప ఉంది. మెట్టు మీద బోణీకి వచ్చినావిడ, గల్లాపెట్టె వెనక మా నాన్న. తాడు నా చేతిలోంచి జారిపోయింది. పొట్లంలో చూస్తే నలుసు కూడా లేదు; వాడి దొంగ బేరాలకే అంతా అయిపోయింది.

ఉత్తి గుప్పిలి మూసి, “బుల్లోడా, రా” అన్నాను. వాడి తల వంగింది. భుజం మాత్రం వంగలేదు. చేపని దాటుకుని నా దగ్గరికి వచ్చాడు. గుప్పిలి విప్పాను. వాడు ఖాళీ అరచేతిని వాసన చూసి, నాకి, నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. అంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు.

అప్పుడు మా నాన్న లేచారు. బోణీ మనిషిని అలాగే నిలబెట్టి, చెప్పులైనా వేసుకోకుండా మెట్టు దిగి, బజారంతా చూస్తుండగా మామ్మ గారి గంప ముందుకు వెళ్లి, “గుప్పెడు ఎండు రొయ్యలు పెట్టండి” అన్నారు.

“మీకేనాండీ!” అంది మామ్మ.

“ఆయ్, మాకే.”

కాగితంలో కట్టించుకుని, చెయ్యి బారంత దూరం చాపి నాకు అందించారు. “ఇచ్చెయ్. ఇస్తానని పిలిచి ఇవ్వకపోతే మన కొట్టుకి మాటొస్తుంది.”

మా వీధి చివర ఇంట్లో ఇప్పుడు ఖరీదైన షాంపూతో కుక్కకి స్నానం చేయిస్తారు. అది తిన్నగా రొయ్యల చెరువు చెత్తలోకి పోతుంది. ఎందుకండీ అని వాళ్లు నన్నడుగుతారు. వాసన లేనిదాంతో కడగమని, ముందే పిలవమని, వచ్చాక పెట్టమని చెబుతాను. ఎందుకో మాత్రం తెలీదంటాను.

నిజాయితీగా లెక్క తేలిస్తే, పోయినవి ఒక అత్తరు సీసా, మూడు చందనం సబ్బులు, ఒక బోణీ, ఒక డజను గాజులు. రొయ్యలకి లెక్క లేదు. బుల్లోడు పూర్తిగా మానాడా అంటే మానలేదు, నెలకోసారైనా నా కన్నుగప్పేవాడు. మిగిలినవి, వాడితో పదకొండేళ్లు, ఉత్తి గుప్పిలితో ఎవర్నీ పిలవలేని ఈ అలవాటు. ఇంకొకటుంది. మా నాన్న పోయాక గల్లాపెట్టె సర్దుతుంటే అడుగున ఒక చిన్న రేకు డబ్బా దొరికింది. బుల్లోడు పోయి అప్పటికి ఎన్నో ఏళ్లు. మూత తీస్తే ఎండు రొయ్యల వాసన ఇంకా ఉంది. ముక్కు మూసుకోలేదు.