చచ్చిన గొర్రె ఎవరిది?

కంపెనీలో పెద్ద వాటాదారు చిన్న వాటాదారును ముంచకుండా ఏ దేశపు చట్టం బాగా ఆపుతుందో పోల్చి చూడటం నా పరిశోధన. గుంటూరు వెళ్లే రైల్లో ఆ సంగతి చెబితే, గిద్దలూరులో ఎక్కిన రాచర్ల గొర్రెల కాపరి ఉత్సాహపడ్డాడు.

“మాదీ కంపెనీనే సార్. ఈడు మా బామ్మర్ది. ఈని గొర్రెలు గూడా నా మందలోనే మేస్తాయి.”

“చచ్చిన గొర్రె ఎవరిదో తేలేదెట్లా?”

“చెవికి ఎవరి గుర్తు వాళ్లకుంటది. ఆ చెవి కోసుకొచ్చి చూపిస్తా.”

“ఈ ఏడాది ఎవరివి చచ్చాయి?”

కాపరి కిటికీలోంచి బయటికి చూశాడు. బామ్మర్దే అందుకున్నాడు. “నావే సార్. పోయినేడు గూడా నావే చచ్చినాయి. మా బావ గొర్రెలకు ఆయుస్సు గట్టిది.”

నాకు ఒళ్లు మండింది. ఏ దేశంలో చూసినా ఇదే వరస! “నిజంగా చచ్చిందో, కోసుకు తిన్నారో చూడటానికి వేరే మనిషి ఉండొద్దా?” అన్నాను.

“ఎందుకు లేదు సార్? మా అక్కను పెట్టినాం గదా!” అన్నాడు బామ్మర్ది ధీమాగా.

అతని అక్కంటే ఈ కాపరి భార్యే.

మార్కాపురం దాటాక ఆ అక్క కట్టిచ్చిన క్యారియర్ తెరిచారు. మాంసం కూర వాసన పెట్టెంతా కమ్మింది. నాకూ పెట్టారు. ఎవరి గొర్రె అని నేను అడగలేదు. ఇంకో రెండు ముక్కలు మాత్రం అడిగాను.