మండీ పళ్లెం ముందు బోనాల పండుగ

సౌదీలోనే ఖఫ్జీలో కొన్నేళ్లు పనిచేసి మళ్లీ రాస్ తనూరాకు వచ్చిన నేను, పోయిన శుక్రవారం అరబ్బుల మండీ అన్నం దొరికే పాత హోటల్‌కు వెళ్తే, ఫ్యామిలీలకూ సింగిల్స్‌కూ నడుమ ఉండే చెక్కగోడ లేదు. ఆ గోడకు ఇవతల తిన్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు గాని, పెళ్లయి కూతురున్న మగవాణ్ని ఒక్క బోర్డుతో మళ్లీ బ్రహ్మచారిని చేసే మహిమ అప్పట్లో ఈ హోటళ్లకు ఉండేది.

ఈ దేశానికొచ్చిన రెండో ఏడు మా బోనాలు ఆ హోటల్లోనే జరిగాయి. ఊళ్లో పోచమ్మకు ఆషాఢ ఆదివారం బోనమెత్తుతారు. మాకు సెలవేమో శుక్రవారం. కనుక నన్ను ఈ దేశానికి తెచ్చిన బావ, అంటే మా అక్క మొగుడు, రెండు రోజుల ముందే పండుగ ప్రకటించేవాడు. బోనం అమ్మవారికి చేరేదాకా ఒక్కపొద్దు ఉండడం మా ఆచారం. మేమూ నిష్ఠగా ఉన్నాం, జుమ్మా నమాజు అయ్యేదాకా హోటల్ తెరవరు కనుక.

పళ్లెం వచ్చింది. పచ్చటి అన్నం చూసి ఇదే బోనమని బావ చేతులు జోడించాడు. పైన కోడి కూర్చుంది, దీపం ఎక్కడ పెడదామన్నాను. అంతలో నా భార్య ఫోను.

నాకు వీసా వచ్చినప్పుడు ఆమె మొక్కుకుంది: నేను మొదటి సెలవుకు రాగానే తాను బోనమెత్తాలి, ముందు నేను వేపాకు నీళ్ల సాక చెంబుతో నడవాలి. ఆ ఏడు కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, సెలవుకు పోయిరావడానికి కావలసిన ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం ఇవ్వలేదు. నేను లేనిదే కుండ ముట్టనని ఆమె, ఊరంతా ఎత్తితే మనమెత్తకపోవడమేమిటని మా అమ్మ. ఒప్పించే పని నా మీద పడింది.

"అందరు జంటగ వస్తరు. నేనొక్కదాన్నే ఎట్ల నడుస్త?"

"నన్నెవరు చూస్తరే? బోనాన్ని చూస్తరు."

"తిన్నవా?"

"నువ్వు ఎత్తుతననేదాక మంచినీళ్లు గుడ ముట్ట."

సరిగ్గా అప్పుడే వడ్డించే బంగ్లాదేశీ నా చెవి పక్కన నిలబడి, "భాయ్, ఔర్ ఏక్ చికెన్ లావూఁ?" అని అరిచాడు.

అవతల నవ్వు, ఆ నవ్వులోనే ముక్కు ఎగబీల్చడం. "తిను, తిను. నీ ఒక్కపొద్దు పాడుగాను! ఎత్తుత తియ్, ఒక్కదాన్నే నడుస్త."

గెలిచినవాణ్ని కనుక కోడి కాలు నేనే తీసుకున్నాను. ఒక ముక్క కొరికి మళ్లీ పళ్లెంలో పెట్టేశాను. మిరియాలు ఎక్కువయ్యాయని బావతో చెప్పాను. మండీలో అంత కారం ఉండదని ఆయనకూ తెలుసు, అయినా మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు.

ఆదివారం డ్యూటీలో రిఫైనరీ పైపుల మధ్య ఉండగా ఫోటో వచ్చింది. తలమీద బోనం, దాన్ని పట్టుకున్నది ఒక్క చెయ్యే. రెండో చేతిలో సాక చెంబు.

ఇప్పుడు సెలవు కాగితం సెల్‌ఫోన్‌లోనే వస్తుంది. రెండేళ్లకోసారి వెళ్లి వస్తూనే ఉన్నాను గాని, ఆషాఢంలో ఎన్నడూ కుదరలేదు. ఆమె ఏటా బోనమెత్తుతూనే ఉంది. ఆనాడు నేను మరీ బాగా ఒప్పించానేమో, ఆ తరువాత ఏ ఏడూ, ఈసారన్నా వస్తవా అని ఒక్క మాట అడగలేదు.