పిన్ని కొంగున మాత్రలు

"ఆంటీ, జల్దీ రండి, అత్త లేవట్లేదు." పోయిన నెల పక్క క్వార్టర్లోంచి ఆవిడ కోడలు గోడ మీదుగా వేసిన ఆ కేకతో మా పిన్ని పోయిందని తెలిసింది. నిద్రలోనే గుండె ఆగిందట.

పిన్ని అని పిలవడమే గానీ రక్తసంబంధం లేదు. హిందీ మాట్లాడే ఊళ్ళో తెలుగువాళ్ళం. మా బాగ్‌బేరా రైల్వే కాలనీలో మా రెండిళ్ళకూ గోడ ఒకటే, అంతే. ఆవిడ కొంగు ముడిలో ఎప్పుడూ నొప్పి మాత్రలుండేవి. ఎవరికి తలనొప్పన్నా కరివేపాకు రెబ్బ ఇచ్చినట్టు ఇచ్చేది. తనూ టీతోపాటు రోజూ ఒకటి మింగేది. నుదుటికి గుడ్డ బిగించుకుని, "తల పగిలిపోతంది గానీ నోరు బాగానే ఉందే, రా" అని కబుర్లకు పిలిచేది.

ఆవిడ చూపించుకునే క్లినిక్‌లో ఒక కంప్యూటర్ పెట్టారు. నొప్పి గురించి అది ప్రశ్నలడుగుతుంది, మనం తెర మీద జవాబు నొక్కాలి. ఆ తర్వాత బొమ్మలతో విడమరిచి చెబుతుంది. రోజూ మింగే మాత్రే తలనొప్పి తెచ్చిపెట్టొచ్చని పిన్నికి అదే చెప్పింది. ఇంటికొచ్చి కొంగు ముడి విప్పి ఏడ్చింది.

"మంచి సేత్తన్నాననుకున్నానే. కాలనీ అందరికీ నేనే పంచీసినాను గదే!"

డాక్టరమ్మ చెప్పినట్టు మాత్రలు మానింది. మొదట్లో నరకం చూసింది, ఓర్చుకుంది. ఆ తర్వాత మమ్మల్నందరినీ ఆ కంప్యూటర్ ముందుకు లాక్కుపోయింది. అది మాట్లాడేది హిందీ. మావాళ్ళు బుద్ధిగా తలూపి, రోజూ మింగే మాత్రకు "ఎప్పుడైనా ఒకటి" అని నొక్కేవారు. డాక్టరమ్మ పిన్నినే దానికి తెలుగులో గొంతు ఇమ్మంది. రాసిచ్చిన ప్రశ్న చూసి పిన్ని మూతి విరిచింది.

"ఇలగడిగితే మావోళ్ళు నిజం సెప్పరమ్మా."

తన మాటల్లోనే అడిగి, దాన్నే రికార్డు చేయించింది.

పెద్దకర్మ అయ్యాక, ఏడ్చి ఏడ్చి తల దిమ్మెక్కి, క్లినిక్‌కి వెళ్ళాను. నా ముందు ఎవరో కొత్తావిడ తెర ముందు కూర్చుంది. తెర లోపల్నుంచి పిన్ని అడిగింది: "మాత్ర రోజూ ఏసుకుంతన్నావేటమ్మా? దాయకు. నేనూ ఏసుకున్నదాన్నే."

ఆవిడ నొక్కడం మరిచి, ఎదురుగా ఉన్న అక్కతో అన్నట్టు, "అవునప్పా, రోజూనే" అంది.

నా వంతొచ్చింది. అదే ప్రశ్న, అదే గొంతు. ఆ గొంతు కోసం నేనెంత మొహం వాచిపోయానో అప్పుడు తెలిసింది.

"నువ్వు పోయిన కాణ్ణుంచీ రోజూనే పిన్నీ" అన్నాను.

తెర నా వేలి కోసం ఎదురుచూస్తూ అలాగే వెలుగుతోంది.