ప్రార్థనలో హత్య కేసు

పోయిన ఏడాది ఇంద్రేశం ఊళ్లో మణెమ్మత్త ఇంట్లో ప్రార్థన కూటం. మర్నాడు ఆమెకు మోకాలి ఆపరేషన్. ఒక నాయకుడి హత్య వెనుక కుట్ర ఉందన్న పుస్తకం గురించి నేనూ, సంఘపెద్ద ప్రసాదన్నా దారి పొడవునా వాదించుకుంటూ వెళ్లాం.

అందరూ కళ్లు మూసుకున్నాక నేను ప్రార్థన మొదలుపెట్టాను. నోరు ఊరుకోలేదు. "ప్రభువా, చంపించింది సొంత పార్టీవాళ్లేనని నీకు తెలుసు. ప్రసాదన్న కళ్లు తెరువు తండ్రీ!"

వెంటనే ఆయన అందుకున్నాడు. "దేవా, ఈ తమ్ముణ్ణి క్షమించు. సగం పుస్తకం చదివి సాక్ష్యం చెప్తుండు."

"స్తోత్రం!" అన్నారెవరో.

మంచం మీది నుంచి మణెమ్మత్త మోకాలు పట్టుకుని అంది, "సచ్చినాయన సంగతి దేవునికి ఎరికే గని, తెల్లారితే కోసేది నా మోకాలు. జెర దాని ముచ్చట గూడ చెప్పుండ్రి నాయనా!"

కూటమంతా ఘొల్లున నవ్వింది. దేవునికి తెలిసిన సంగతే ఆయనకు వినిపిస్తూ ఆమె భయాన్ని మరిచిపోయాం. సిగ్గుతో ఇద్దరం ఆమె మోకాలి కోసం మోకరించాం. ఆ ప్రార్థనలో మాత్రం మాకు ఏ అభిప్రాయ భేదమూ రాలేదు.