విఠల్ గారు రోడ్డు మీద కూర్చున్న రోజు

మొన్న అశోక్‌నగర్‌లో ఒక పాత ఇల్లు కూలగొడుతుంటే సున్నపు దుమ్ము గొంతులోకి పోయి దగ్గు ఆగలేదు. ఆ దగ్గులోనే విఠల్ గారు గుర్తొచ్చారు. తొంభైల తొలి రోజుల్లో, చిక్కడపల్లి సందులోని ఒక చిన్న దినపత్రికకు ఆయన చీఫ్ రిపోర్టర్. నేను కొత్తగా చేరిన విలేకరిని. ఏ పార్టీ వాళ్లు చాయ్ ఇచ్చినా ఆయన ముట్టేవారు కాదు. ఒకసారి ఊరేగింపు వార్తకు వెళ్లి నేనూ నినాదంలో గొంతు కలిపానని తెలిసి అందరి ముందే అన్నారు: "నువ్వు గూడ అరిస్తే, ఏమైందో చెప్పెటోళ్లు ఎవరమ్మా? ఒక్కరన్న చూస్తుండాలె గద." ఆ మాట నాకు వేదవాక్కయింది.

అలాంటి మనిషిని నారాయణగూడ చౌరస్తాలో చూసి కొయ్యబారిపోయాను. పాలమూరు నుంచి వచ్చిన కూలీల గుడిసెలను అంతకుముందు రోజే కూల్చేశారు. వాళ్లు ధర్నాకు దిగితే వార్త కోసం వెళ్లాను. నడిరోడ్డు మీద, ఆడవాళ్ల పక్కన బాసింపట్టు వేసుకుని, పిడికిలెత్తి అరుస్తున్నారు విఠల్ గారు! ఆయనకు అంత గొంతు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"సార్, మీరేంది ఇక్కడ?"

"పొద్దుగాల ఎడిటర్‌కు రాజీనామా ఇచ్చి వచ్చిన. నిన్న గుడిసెలు కూలుతుంటే రాసుకుంట నిలబడ్డ. ఓ ముసలమ్మ, 'రాసుడు ఆపి జర ఈ మంచం పట్టు బిడ్డా' అన్నది. ఇగ రాయబుద్ధి కాలే."

నేను తేరుకోకముందే ధర్నా వైపు నుంచి ఒక రాయి వచ్చి కానిస్టేబుల్ నుదుటికి తగిలింది. లాఠీలు లేచాయి. విఠల్ గారిని కాలరు పట్టుకుని ఈడ్చుకెళ్లారు.

సాయంత్రం పోలీసులు వదిలిపెట్టాక స్టేషన్ బయట కలిశాను. పెదవి చిట్లి ఉంది.

"ఆ రాయి ఎవరిది?" అని అడిగారు.

"మనోళ్లదే సార్. అది గూడ రాయాల్నా?"

ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "వాళ్లు నాకు మనోళ్లు. నీకు గాదు. ఆ సంగతి రాయి. నేను కూసున్నది గూడ రాయి."

రెండూ రాశాను. మర్నాడు ఆ కూలీల ముందు ఆ వార్తను ఆయనే పైకి చదివారట. రాయి సంగతి రాగానే ఒకతను పేపరు గుంజుకుని, "గీమె నీ శిష్యురాలేనా?" అని నిలదీశాడట. "అవ్, నా శిష్యురాలే" అన్నారట ఈయన.

ఆ గుడిసెలు మళ్లీ లేవలేదు. ఆయన మళ్లీ ఏ పత్రికలోనూ చేరలేదు. విలేకరి ఉద్యమంలోకి దిగవచ్చా అని కొత్త పిల్లలు అడిగితే ఇవాళ్టికీ ఆ రోజు సంగతే చెబుతాను. వార్త రాయడానికి కూర్చుంటే మాత్రం, నా మనసు ఎవరి వైపు ఉందో వాళ్ల తప్పునే ముందు రాస్తాను.