పెసల కొట్టులో తెల్ల బూజు

నేను కాపురానికి వచ్చేనాటికి తునికి ఇంకా రైలు రాలేదు. మా అత్తవారిది దినుసుల వ్యాపారం. అంగడి మా బావగారు చూసుకునేవారు, వెనకాల కొట్టుగది మా ఆయన చూసుకునేవారు. ఎంత ఎండబెట్టినా, ఎంత బూడిద కలిపినా, వానలు మొదలయ్యేసరికి పెసలకు పురుగు పట్టేది. గింజ గింజకూ చిల్లి.

ఒక ఏడు ముసురులో కొట్టుగది పైకప్పు ఓ మూల కారింది. మా ఆయన నన్ను పిలిచి అరచెయ్యి చాపారు. అందులో చచ్చిన పెంకు పురుగులు, ఒంటినిండా దూదిలాంటి తెల్ల బూజు.

"చచ్చాక పట్టిన బూజేమోనండీ," అన్నాను.

"నేనూ అలాగే అనుకున్నాను. బతికినవాటిని వీటితో కలిపి కుండలో వేసి చూశాను. అవీ చచ్చాయి. తర్వాత వాటికీ ఇదే బూజు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో ఉన్న వెలుగు నేను మళ్ళీ చూడలేదు.

బావగారిని బతిమాలి ఒక గాదె అడిగి తీసుకున్నారు. అందులో రైతులు విత్తనానికి దాచుకున్న పెసలున్నాయి. కుండలోని పురుగుల్లో కొన్నిటిని నలిపి ఆ గింజల్లో కలిపారు. గింజ పొడిగా ఉన్నంతకాలం పురుగులకు బూజు అంటుకోలేదు. తడి కావాలని ఆయనకు తోచింది. గాదె చుట్టూ తడిగోనెలు కట్టించారు. పురుగులు చచ్చాయి, నిజమే. కానీ గాదె మూత తీసేసరికి ముక్కిన వాసన గుప్పుమంది. పెసలన్నీ పచ్చబూజు పట్టి ముద్దలు కట్టాయి.

"ఏంట్రా ఇది?" అన్నారు బావగారు. "పురుగు తిన్నా సగమైనా మిగిలేవి. ఇప్పుడు ఒక్క గింజ మొలుస్తుందా? రైతులకు ఏం చెప్పను?"

బావగారు అన్నదాంట్లో తప్పేమీ లేదు. విత్తనం పోయినవాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చుంటే నాకూ ఏడుపొచ్చింది. కొట్టంతా ఖాళీ చేసి, వేపాకు పొగ పెట్టి, సున్నం కొట్టించారు. మిగిలిన బూజు పురుగులున్న ఆ కుండను మా ఆయనే తీసుకెళ్ళి మంటలో పెట్టారు. వద్దని నేను అనేలోపే అయిపోయింది.

కొంతకాలానికి ఆయన మనసు మళ్ళీ అటే పోయింది. ప్రతి వానాకాలం గాదెలన్నీ వెతికేవారు. పైకప్పు బాగు చేయించాక ఆ తెల్ల బూజు మళ్ళీ కనబడలేదు.

రైలు వచ్చాక మా తమ్ముడు పత్రికలు తెచ్చేవాడు. ఒకసారి, ఎక్కడో పరదేశంలో పంట పురుగులను బూజుతో చంపుతున్నారని చదివి వినిపించాడు. మా ఆయన అప్పటికి జ్వరంతో మంచాన ఉన్నారు. మోచేతి మీద లేచారు.

"తడి సంగతి ఏం చేశారట? గింజ పాడవకుండా ఎలా చేశారట?"

"అదేం రాయలేదు బావా."

"సరిగ్గా చూడు."

వాడు మళ్ళీ మొదటినుంచీ చదివాడు. అందులో లేదు. ఆయన తిరిగి పడుకున్నారు. ఆ జ్వరం నుంచి ఆయన లేవలేదు. ఆ ప్రశ్న వేయడానికి ఇన్నేళ్ళలో ఆయనకు ఒక్క మనిషి దొరకలేదు కదా అని ఈనాటికీ అనుకుంటూ ఉంటాను.